ఎవరి గుడ్డు వాళ్ళ నెత్తికే

తెల్లవారగానే ఓక్‌బున్ చేసే మొదటి పని గుడ్లు కడగడం. కొంగ స్నానశాల వెనక, వేడినీళ్ళు బయటికి పోయే దారిలో ఒక సిమెంటు తొట్టి ఉంది. ఆడవాళ్ళ వైపు నీళ్ళూ మగవాళ్ళ వైపు నీళ్ళూ ఆ తొట్టిలో కలిసి, కాసేపు ఆగి, అప్పుడు వాగులోకి పోతాయి. ఆ నీళ్ళలోకి ఆమె గుడ్ల బుట్ట దించుతుంది. మధ్యాహ్నం తీసి రాతి పొయ్యిలో పెడితే, పొద్దు వాలేసరికి గుడ్లన్నీ పెంకుతో సహా వేరుశనగ పొట్టు రంగుకి తిరుగుతాయి. నలుగురూ స్నానం చేసిన నీళ్ళలో నానిన గుడ్డేమిటని ముక్కు విరిచేవాళ్ళు లేకపోలేదు. అలాంటివాళ్ళు ఒక్కటి తింటే రెండోదానికి చెయ్యి చాపుతారు.

ఆ తర్వాత తలుపులు తీస్తుంది, గచ్చు తుడుస్తుంది, ఒళ్ళు రుద్దే ఆకుపచ్చ గరుకు గుడ్డలు ఉతికి ఆరేస్తుంది. ఆడవాళ్ళ వైపు ఒళ్ళు రుద్దేది ఆమే. ఒకప్పుడు పెళ్ళయిన కొత్తలో మొగుడితో కలిసి వేడినీటి బుగ్గలున్న ఈ ఒన్‌గోక్ ఊరికి సరదాగా నాలుగు రోజులు ఉండి వెళ్దామని వచ్చింది. ఆ పెళ్ళి నిలవలేదు. ఊరు మాత్రం నచ్చింది. ఒక్కతే తిరిగొచ్చి ఈ పనిలో చేరింది, ఇక్కడే జుట్టు నెరిసింది.

స్నానశాలలో నీళ్ళలో కూర్చున్నవాళ్ళు ఏదైనా అంటే ఆ మాట నీళ్ళతో పాటు తొట్టిలోకి వస్తుంది, తొట్టిలో ఉన్న గుడ్డు దాన్ని పట్టుకుంటుంది. గుడ్డుకో మాట. కాలిన గుడ్డుని నెత్తికేసి టక్కున కొట్టుకుంటే ఆ మాట వినిపిస్తుంది. ఎవరి గొంతు వాళ్ళదే, పోల్చుకోవచ్చు. తన గుడ్డు తన నెత్తికే కొట్టుకుంటే తన చెవికి మాత్రమే. ఇంకొకరి నెత్తిన కొడితే గది మొత్తానికీ. అందుకని ఊళ్ళో ఎవరి గుడ్డు వాళ్ళ నెత్తికే. విన్నది గుడ్డుతో పాటు మింగెయ్యాలి, పైకి అనకూడదు, అన్నదెవరో తెలిసినా తెలియనట్టే ఉండాలి. ఇది ఇక్కడి పిల్లలకి చెప్పులు విప్పి లోపలికి రావడంతో పాటే నేర్పుతారు.

మీరు ఊహించుకున్నంత గొప్ప రహస్యాలేం ఉండవు. పది గుడ్లు కొడితే ఎనిమిదింట్లో "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనే ఉంటుంది. వేడినీళ్ళలోకి దిగిన మనిషి ఇంకేమంటాడు! మిగిలిన వాటిలో ఎప్పుడైనా ఒక నిట్టూర్పు, ఒక తిట్టు, ఒక పేరు. నూడుల్సు కొట్టు సుక్‌జా నీళ్ళలోకి దిగినప్పుడల్లా మూలుగుతుంటే, ఆమెకి మోకాలు నొప్పని ఒక్కో గుడ్డులో ఒక్కొక్కరుగా ఊరందరికీ తెలిసింది అలాగే. ఎవరూ ఆమెని పలకరించలేదు. కానీ విన్న మర్నాటి నుంచి ఆమె కొట్టుకి వెళ్ళినవాళ్ళందరూ "కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందండీ" అంటూ తమ గిన్నెలు తామే తెచ్చుకోవడం మొదలుపెట్టారు. సుక్‌జా కూడా "మీకెందుకండీ శ్రమ" అని రెండుసార్లు అని ఊరుకుంది.

అదీ ఒన్‌గోక్ తీరు. ఈ ఊరివాళ్ళ మొహమాటం చుట్టుపక్కల ఎవరికీ లేదు. దాహంతో నోరెండిన మనిషిని మంచినీళ్ళు కావాలా అనడిగితే "మీకు శ్రమ లేకపోతే" అంటాడు. శ్రమ లేదంటే "మీరు తాగిన తర్వాత" అంటాడు. ఔను, కాదు అన్న రెండు మాటలూ ఊళ్ళో ఎవరూ వాడరు. వాడితే ఎదుటివాళ్ళ మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని భయం.

సందర్శకులకి ఇవేమీ తెలియవు. కొరియాలో ఏ ఊరి స్నానశాలలోనైనా గుడ్డుని పక్కవాడి నెత్తిన పగలగొట్టడం ఒక ఆట. వచ్చిన ప్రతి కుర్ర జంటా, ఆడా మగా కలిసి కూర్చునే హాల్లో వెచ్చటి నేల మీద చతికిలబడి, చల్లటి బియ్యపు పానకం తాగి, మొదట చేసేది ఆ పనే.

ఆ శనివారం కూడా అంతే. ఒక అబ్బాయి భార్య నెత్తిన గుడ్డు ఎత్తాడు. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని దల్సు చూశాడు, మూలన కాళ్ళు చాపుకున్న సుక్‌జా చూసింది, నేల తుడుస్తున్న ఓక్‌బున్ చూసింది. గుడ్డు టక్కుమంది. వెంటనే ముగ్గురూ ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు. దల్సు దగ్గుతూనే టీవీ సౌండు పెంచాడు. లోపల్నుంచి తువ్వాలు చుట్టుకుని వస్తున్న పెద్దమనిషి విషయమేమిటో తెలియకుండానే ఆయనా ఖళ్ళున దగ్గాడు. గుడ్డులో మాట, పాపం ఎవరిదో, ఆ దగ్గుల్లో కొట్టుకుపోయింది.

"ఏంటండీ, ఈ ఊళ్ళో అందరికీ ఛాతీ జబ్బా?" అంది ఆ అమ్మాయి మొగుడితో, గొంతు తగ్గించి.

"వేడినీళ్ళతో రోగాలు పోతాయని బోర్డు మీద రాశారే! వీళ్ళకే పోలేదు. పద, వెళ్ళిపోదాం. రాత్రికి ఉండొద్దు."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఇలా ఎంతమంది వెళ్ళిపోయారో! ఒన్‌గోక్ వాళ్ళు మాత్రం సందర్శకులు తగ్గిపోవడానికి కారణాలు చాలా వెతికారు. విమానాలు చవకై కొత్త దంపతులందరూ జేజు దీవికి ఎగిరిపోతున్నారన్నారు, అది నిజమే. రోడ్డు బాగాలేదన్నారు, అదీ కొంత నిజమే. తమ దగ్గుల సంగతి ఎవరికీ తట్టలేదు. మర్యాద వల్ల కూడా నష్టం రావచ్చని వాళ్ళకి ఎవరు చెబుతారు?

ఆ సాయంత్రమే క్వాక్ వచ్చాడు. ఆయనది స్నానశాల ఎదురుగా ఉన్న వెన్నెల మోటెల్. సగం గదులకి తాళాలే. ఊరి వ్యాపారుల సంఘానికి ఆయన ప్రెసిడెంటు కూడా. భారీ మనిషి, మాట మాత్రం పిల్లి నడకలా ఉంటుంది.

"ఈసారి చలి గట్టిగానే ఉండేట్టుంది" అన్నాడు క్వాక్.

"ఉండొచ్చు" అన్నాడు దల్సు.

"ఆ పాత పైపులన్నీ చూసుకోవడం మీకు శ్రమే."

"శ్రమ అనుకుంటే శ్రమే మరి."

క్వాక్ ఈ మాటని ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించాల్సిన పన్లేదు, అక్కడికక్కడే అర్థం చెప్పేసుకున్నాడు. దల్సు అలిసిపోయాడు, అమ్మేద్దామని ఉంది, నోరు తెరిచి అడగలేకపోతున్నాడు. పాపం, ఆ భారమేదో నేనే మొయ్యాలి.

"ఊరికే చెబుతున్నాను సుమా. సియోల్ నుంచి ఎవరో కంపెనీ వాళ్ళు వచ్చారు. ఆపిల్ పళ్ళు దాచుకోడానికి కోల్డ్ స్టోరేజీ కడతార్ట. ఈ చోటు బావుందన్నారు."

దల్సు గల్లాపెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు. తనకీ అర్థమైపోయింది. ఊరివాళ్ళు విసిగిపోయారు, స్నానశాల తీసేస్తే నయమనుకుంటున్నారు, తన మొహం చూసి చెప్పలేక ప్రెసిడెంటుని పంపారు.

"ఊరికి మంచిదైతే..." అన్నాడు.

"మీకు ఇబ్బంది లేకపోతే..."

"ఊరికి లేని ఇబ్బంది నాకేం ఉంటుంది."

"మరి ఓక్‌బున్ గారికి?" అని క్వాక్ తిరిగాడు.

ఓక్‌బున్ తుడుపుకర్ర పట్టుకుని నిలబడిపోయింది. ఈ స్నానశాల పోతే నేనెక్కడికి పోతాను అని అడగాలనుంది. అడిగితే దల్సుగారు తన కోసం ఆగిపోవాల్సి వస్తుంది. ఆయనకి అమ్ముకోవాలని ఉందేమో, అడ్డం పడటానికి నేనెవర్ని?

"నాకేముందండీ. ఇంచియాన్‌లో మా అక్క ఎప్పట్నుంచో రమ్మంటోంది" అనేసింది.

అక్క రమ్మన్న మాట నిజమే. ప్రతి సంవత్సరం పంటల పండగకి ఫోన్ చేసి, పెట్టేసే ముందు "వచ్చి మా దగ్గరుండకూడదటే" అంటుంది. వాతావరణం ఎలా ఉందని అడిగినట్టే అది కూడా. కానీ మాట ఊళ్ళో పాకిపోయింది. సుక్‌జా కళ్ళనీళ్ళు పెట్టుకుని "అదృష్టవంతురాలివక్కా" అంది. ఇక తప్పదని ఓక్‌బున్ అక్కకి ఫోన్ చేస్తే, అక్క "రావే మరి" అంది. గది సర్దించింది. దీన్ని తేల్చే సంఘం మీటింగు గురువారమని విని, ఆ వచ్చే ఆదివారం అల్లుడు వ్యాను వేసుకొస్తాడని చెప్పింది.

మీటింగంటే పెద్ద తతంగం కాదు. కట్టడం దల్సుది, నేలలోంచి వచ్చే నీళ్ళు సంఘానివి. కంపెనీకి ఇవ్వాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒప్పేసుకున్నట్టే ఊరంతా అనుకుంటోంది.

సోమవారం మధ్యాహ్నం జనం లేని వేళ ఓక్‌బున్ రుద్దుడు బల్ల మీద కూర్చుని, ఒక గుడ్డు తీసుకుని నెత్తికి కొట్టుకుంది. ఆకలేసి కొట్టుకుంది, అంతే.

దల్సు గొంతు. "నాన్నా, ఊరంతా వద్దంటుంటే నేను కావాలని ఎలా అనను? నాకైతే ఇక్కణ్ణించి కదలాలని లేదు నాన్నా."

ఓక్‌బున్ చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. అంత పెద్ద మనిషి వేడినీళ్ళలో ఒంటరిగా కూర్చుని పోయిన తండ్రికి చెప్పుకున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. అంతలోనే ఎక్కడలేని ఆశా వచ్చింది. ఆయనకి ఇష్టం లేదు! పరుగెత్తుకెళ్ళి చెప్పాలనిపించింది, "ఓనర్‌గారూ, నాకూ లేదండీ" అని. కానీ ఎలా తెలిసిందంటే ఏం చెబుతుంది? ఇన్నేళ్ళలో గుడ్డులో విన్న మాట ఒక్కటి కూడా ఆమె నోట్లోంచి జారలేదు. గుడ్డు తినేసింది. గొంతులో అడ్డం పడింది గానీ నీళ్ళు తాగి దింపేసింది.

ఇక సూచనగా చెప్పడం మొదలుపెట్టింది. బోర్డు మీద కాలికి కట్టు కట్టుకుని నీళ్ళలో నిలబడ్డ కొంగ బొమ్మ రంగు వెలిసిపోయి ఉంటే, నిచ్చెనేసుకుని ఎక్కి తెల్లగా తోమింది. కిర్రుమనే చెప్పుల బీరువా తలుపులకి నూనె రాసింది. వచ్చే వేసవికి కూడా సరిపడా కొత్త తువ్వాళ్ళు తెప్పించింది. ఈమెకి వెళ్ళాలని లేదన్న సంగతి పసిపిల్లాడికైనా అర్థం కావాలి.

దల్సుకి ఇంకోలా అర్థమైంది. పోయే మనిషి, ఇల్లు శుభ్రం చేసి మరీ అప్పగిస్తోంది, ఎంత మంచిదో అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. బుధవారం ఉదయం, రోజూ తను ఆమె కోసం మిషన్ కాఫీ కప్పు పెట్టే కిటికీ గట్టు దగ్గర, ఎర్రటి కొత్త సూట్‌కేసు ఒకటి నిలబెట్టి ఉంది.

"చక్రాలు నాలుగు వైపులా తిరుగుతాయి" అన్నాడు దల్సు గోడకేసి చూస్తూ. "లాగడానికి శ్రమ ఉండదు."

"చాలా బావుందండీ" అంది ఓక్‌బున్.

"రంగు నచ్చకపోతే..."

"రంగు కూడా బావుంది."

ఆడవాళ్ళ వైపుకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాగా ఏడ్చింది. కోపం కూడా వచ్చింది. ఆయన మీద కాదు, తన నాలుక మీద. నోటికి ఇన్ని పళ్ళున్నాయి, ఇంత పొడుగు నాలుకుంది, నాలుగు ముక్కలు చెప్పడానికి చేతకాదు! అక్కడ తడి గచ్చు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తుంటే ఆమెకి తట్టింది. మనిషి మొహం మీద చెప్పలేకపోతే పోనీ, నీళ్ళకి చెబితే? ఇన్నేళ్ళుగా ఈ నీళ్ళలో దిగి ఒక్క మాటైనా అనలేదు తను. గుడ్లు కాల్చేది తనే కదా, తన మాట ఇంకొకరి నెత్తిన పడకూడదని పెదాలు బిగించుకునే స్నానం చేసేది. ఇంకొకరి రహస్యం బయటపెట్టడం తప్పు. తనది తను బయటపెట్టుకుంటే తప్పని ఎవరూ అనలేదే.

గురువారం ఉదయం, తలుపులు తియ్యకముందు, ఒక గుడ్డు మీద పెన్సిలుతో చిన్న కొంగ బొమ్మ గీసింది. కొంగలా రాలేదు, కొడవలిలా వచ్చింది. ఆ గుడ్డొక్కటే తొట్టిలో వేసి, లోపలికెళ్ళి పీకల దాకా నీళ్ళలో కూర్చుంది.

"అంటే... వెళ్ళకపోయినా పరవాలేదేమోనని..." అంది.

ఛీ, నీళ్ళ ముందు కూడా మొహమాటమేనా! ఆ మాటే గుడ్డులోకి పోతుందేమోనని భయపడి చేతుల్తో నీళ్ళు కొట్టి చెదరగొట్టింది. ఊపిరి పీల్చుకుంది. కళ్ళు మూసుకుంది. ఈసారి చెప్పాల్సింది చెప్పింది. చెప్పాక ఒళ్ళంతా తేలికైపోయి, ఆమె కూడా అందరిలాగే "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. తర్వాత లేచి, మిగతా గుడ్ల బుట్ట తెచ్చి తొట్టిలో దించింది.

ఆ రోజు ఊరివాళ్ళందరూ స్నానానికి వచ్చారు. మామూలు రోజుల్లో రానివాళ్ళు కూడా వచ్చారు. ఇక దొరకవు కదా ఈ నీళ్ళు అని ఎవరూ అనలేదు. "ఒళ్ళు నొప్పులుగా ఉందండీ" అన్నారు అందరూ, ఒకే రకంగా. చాలాసేపు కూర్చున్నారు. మధ్యాహ్నం ఓక్‌బున్ గుడ్లన్నీ తీసి పొయ్యిలో పెట్టింది.

సాయంత్రం హాల్లో వెచ్చటి నేల మీద సంఘం కూర్చుంది. టీవీ కట్టేశారు. క్వాక్ గొంతు సవరించుకున్నాడు.

"మరి, అందరూ వచ్చారు. విషయం మీకు తెలిసిందే. ఎవరినీ ఒత్తిడి చెయ్యడం లేదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే..."

క్వాక్ సుక్‌జా వైపు చూశాడు.

"అందరికీ సరే అయితే నాకూ సరే అండీ" అంది సుక్‌జా.

"పెద్దవాళ్ళు ఎలా అంటే అలా" అన్నాడు మందుల షాపతను.

"మధ్యలో నేను కాదంటే ఏం బావుంటుంది" అంది పూల కొట్టావిడ.

అలా వరసగా తిరిగి మాట దల్సు దగ్గరికి వచ్చింది. దల్సు మొహం పాలిపోయి ఉంది. "ఊరందరి మాటే నా మాట" అన్నాడు నేలకేసి చూస్తూ.

"అయితే మరి..." అని క్వాక్ చెయ్యెత్తబోయాడు.

అప్పుడు ఓక్‌బున్ గుడ్ల పళ్ళెం పట్టుకుని వచ్చింది. మీటింగులో గుడ్లు పంచడం మామూలే కాబట్టి ఎవరూ తలెత్తలేదు. ఆమె మధ్యలో ఆగి పళ్ళెంలోకి చూసింది. గుడ్లన్నీ ఒకటే రంగు. పొయ్యిలో కాలి ముదురు గోధుమరంగుకి తిరిగిన పెంకుల మీద పెన్సిలు గీత ఎక్కడ కనిపిస్తుంది? ఇన్నేళ్ళు గుడ్లు కాల్చిన మనిషికి ఈ చిన్న సంగతి తోచలేదు. ఎప్పుడైనా గుడ్డు మీద గుర్తు పెడితే కదా తోచడానికి!

వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. కానీ వెళ్తే, రేపు శుక్రవారం, ఎల్లుండి శనివారం, ఆ తర్వాత వ్యాను.

దల్సు ముందు మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం చాపింది. "ఓనర్‌గారూ, ఒక గుడ్డు తీసి నా నెత్తిన కొట్టండి."

దల్సు ఆమె ఏదో జ్వరంలో ఉందనుకున్నాడు. "మీ నెత్తినా? నేనా?"

"మీరే. గట్టిగా."

"ఓక్‌బున్ గారూ, అదేం మాట, అందరి ముందూ..."

"మీకు శ్రమ లేకపోతే" అంది ఓక్‌బున్. ఆ మాటకి ఒన్‌గోక్‌లో ఎవరూ కాదనలేరు.

దల్సు గుడ్డు తీసి ఆమె నెత్తిన మెల్లగా కొట్టాడు. పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. టక్.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంది పూల కొట్టావిడ గొంతు, హాలంతా వినబడేలా. అందరూ అలవాటు కొద్దీ దగ్గారు.

"ఇంకోటి" అంది ఓక్‌బున్.

"చాలేమోనండీ..."

"ఇంకోటండీ."

టక్.

"వెన్నెల మోటెల్‌కి ఎదురుగా ఈ కొంగ బోర్డు దీపం వెలక్కపోతే నాకు నిద్రెలా పడుతుంది? పోతే పోనీ అనుకున్నాను గానీ, ఎలా పోనిస్తాను? దేవుడా, ఆ దల్సు మనసు మారితే ఎంత బావుణ్ణు!"

క్వాక్ గొంతు అది. దగ్గులు మొదలయ్యాయి, కానీ మధ్యలోనే ఆగిపోయాయి. ఒక్కొక్కరే తలెత్తి ప్రెసిడెంటు వైపు చూశారు. క్వాక్ మొహం మిరపపండులా ఎర్రబడింది. అంత పెద్ద ఒంటిని ఎక్కడ దాచుకోవాలో తెలియక, చేతిలో కాగితాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నా మనసా?" అన్నాడు దల్సు, నమ్మలేనట్టు. "నా మనసు మారడమేంటి ప్రెసిడెంట్ గారూ? అమ్మేద్దామన్నది మీరు కదా!"

"నేనెక్కడన్నాను? మీరు శ్రమ అన్నారు. అడగడానికి మీరు మొహమాటపడుతున్నారని, పోనీ మీ తరఫున నేను..."

"ఊరంతా వద్దనుకుంటోందని కదా నేను సరేనన్నది!"

"ఊళ్ళో ఎవరన్నారు?"

ఎవరన్నారని అందరూ అందరి మొహాలూ చూసుకున్నారు. ఎవరూ అనలేదు. అంతమందిలో ఒక్కరు కూడా అనలేదు. ఎవరికీ ఇష్టం లేని పని అందరి మర్యాద కోసం అందరూ కలిసి చెయ్యబోయారు. సుక్‌జా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఇంకోటి కొట్టండి" అంది ఓక్‌బున్ నెత్తి మీద పెంకు ముక్కలతోనే.

"ఇంకెందుకండీ, తేలిపోయింది కదా" అన్నాడు క్వాక్ నీరసంగా.

"నాది ఇంకా రాలేదు."

ఈసారి దల్సు పళ్ళెంలోకి జాగ్రత్తగా చూసి ఒకటి ఎంచాడు. ఎందుకు దాన్నే ఎంచాడో ఆయనకీ తెలియదు. టక్.

"నాకు వెళ్ళాలని లేదు. మా అక్క దగ్గరికి వెళ్ళాలని లేదు. ఆ ఎర్ర సూట్‌కేసు నాకు నచ్చలేదు. నేను ఇక్కడే ఉంటాను. మీరు పెట్టే కాఫీ తాగుతాను, ఇక్కడే ముసలిదాన్నవుతాను. ఉండమని ఒక్కరైనా అనండి."

ఒక్కరు కూడా దగ్గలేదు. ఓక్‌బున్ తలొంచుకుని కూర్చుంది. ఆమె చెవులు కాలిపోతున్నాయి. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. సిగ్గుగా ఉంది, ప్రాణానికి హాయిగానూ ఉంది.

దల్సు లేచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తన చేతిలో ఒక గుడ్డు పెట్టుకుని చూసి, దాన్ని ఆమె చేతికిచ్చి, తల వంచాడు. నెత్తి మీద జుట్టు పల్చబడింది, గుండ్రంగా నున్నటి చోటుంది.

"కొట్టండి. నా మాట కూడా వినండి. పొద్దున నీళ్ళలో చాలా చెప్పాను."

ఓక్‌బున్ కొట్టింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"మోకాలు చంపేస్తోంది తల్లోయ్" అంది గుడ్డు, సుక్‌జా గొంతుతో.

ముందు సుక్‌జాయే నవ్వింది. తర్వాత మందుల షాపతను, తర్వాత క్వాక్ పొట్ట పట్టుకుని, తర్వాత అందరూ. దల్సు ఒక్కడే నవ్వలేదు. పళ్ళెంలో ఇంకా గుడ్లున్నాయి, వాటిల్లో ఏదో ఒకటి ఆయనది. చెయ్యి చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఉండండి" అన్నాడు. "ఓక్‌బున్ గారూ, వెళ్ళొద్దు. ఉండండి."

ఒన్‌గోక్‌లో 'వద్దు' అన్న మాట ఒకరు ఇంకొకరి మొహం మీద అనగా అక్కడున్నవాళ్ళెవరూ అంతకుముందు వినలేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. క్వాక్ తన కాగితాలు నాలుగు మడతలు పెట్టి, మోకాలు కింద దిండుగా పెట్టుకోమని సుక్‌జాకి ఇచ్చాడు. ఆమె "మీకెందుకండీ శ్రమ" అనబోయి, ఆగి, "ఇవ్వండి" అంది.

శనివారం వాన పడింది. రోడ్డు మీద చిక్కుకుపోయిన ఒక జంట వెచ్చదనం కోసం స్నానశాలలోకి వచ్చింది. అబ్బాయి గుడ్డు తీసి భార్య నెత్తిన టక్కుమనిపించాడు. దల్సు రిమోటు అందుకున్నాడు గానీ మీట నొక్కలేదు. ఎవరూ దగ్గలేదు.

"మా ఆవిడ చేసే ముల్లంగి పచ్చడి నాకు నచ్చదు బాబోయ్. నలభై ఏళ్ళ నుంచీ బావుందంటున్నాను" అంది గుడ్డు.

మూలన పడుకున్న మందుల షాపతను దిగ్గున లేచి కూర్చున్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, "అంటే మీక్కూడా నచ్చదా? నాకూ నచ్చదు! మీ కోసమే కదా ఏటేటా పెడుతున్నాను" అని అరిచింది. కుర్ర జంట పడీ పడీ నవ్వారు. ఇంకో గుడ్డు ఇమ్మన్నారు. ఇంకోటి. వాన వెలిసింది, వాళ్ళు లేవలేదు. ఎదుటి మోటెల్‌లో గదులున్నాయా అని అడిగారు. క్వాక్ స్వయంగా, వాన లేకపోయినా గొడుగు పట్టుకుని వచ్చి, "ఉన్నాయండీ, చాలా ఉన్నాయి" అన్నాడు.

ఓక్‌బున్ చేతులు తుడుచుకుని, లోపలికెళ్ళి ఫోన్ తీసింది.

"సామాన్లన్నీ సర్దేశావటే?" అంది అక్క. "రేపు పొద్దున్నే మా అల్లుడు బయల్దేరతాడు."

వాన పడింది, రోడ్డు బాగాలేదు, అతనికి ఎందుకు శ్రమ, పోనీ ఇంకో వారం చూసి... అవన్నీ వరసగా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఓక్‌బున్ వాటినన్నిటినీ మింగేసింది.

"నేను రావట్లేదక్కా. నాకు రావాలని లేదు."

"ఎవరండీ మాట్లాడేది?" అంది అక్క.

"నేనే అక్కా" అంది ఓక్‌బున్.